కింది వసారాలో పిలుపు

మా అల్లుడు నేవియుస్ నోరు తెరిస్తే మూసేవాడు కాదు. అతని వృత్తే అది. మా తుర్సేనా ఊళ్లో ఏ కబురైనా పదిమందికీ వినబడేలా చెప్పాల్సింది అతనే. వేలంపాట పాడాలన్నా, నాటకశాలలో జనం చేత నోరు మూయించాలన్నా, పెద్దమనిషెవరైనా పోతే శవయాత్రకి ఊరిని పిలవాలన్నా, తప్పిపోయిన గాడిద ఆనవాళ్లు చెప్పాలన్నా నేవియుస్ రావాలి. వీధిలో అరిచి బతికేవాడికి పిల్లనిస్తారా అని మావాళ్లందరూ అడిగారు. నేనూ అడిగాను. నా కూతురు హెరేన్నియా మాత్రం చేసుకుంటే అతన్నే చేసుకుంటానని కూర్చుంది. చేశాం. ఆ తర్వాత రోజూ అన్నం ముందు కూర్చుని తన గొంతు ఎంత గొప్పదో అతను చెప్పేవాడు, మేం వినేవాళ్లం.

పగలు నేను కింది వసారాలో ఉడకబెట్టిన శనగలు, పుల్లనీళ్లు అమ్మేదాన్ని. మా ఊరు కొండవాలు మీద ఉంది. చదును నేల లేక, పూర్వం పెద్దలు వాలుని ఆనించి పొడవాటి ఈ వసారా కట్టి, దాని కప్పు మీద గుళ్లూ అంగళ్లూ కచేరీ ఉన్న మా ఫోరం పరిచారు. పైన ఊరు ఎండలో మాడుతుంటే కింద చల్లగా ఉండేది. మధ్యలో బలమైన రాతి స్తంభాల వరస, అటూ ఇటూ రెండు నడవలు, పైన కమాను కప్పు. కప్పు అంచున ఏటవాలుగా కోసిన సన్నటి గవాక్షాల్లోంచి వెలుతురు పడేది. అవి పైన ఫోరం నేల దగ్గర తెరుచుకుంటాయి కాబట్టి, కింద కూర్చున్నవాళ్లకి పైన తిరిగేవాళ్ల పాదాలు కనిపించేవి. చెప్పులు చూసి మనిషిని చెప్పగలిగేవాళ్లం.

ఒక చివర ఫోరంలోకి మెట్లు. రెండో చివర పూర్వం దిగువ వీధిలోకి దారి ఉండేది. కిందటేడు ఊరి అధికారులు ఆ చివర అడ్డంగా ఇటుక గోడ కట్టించి, గోడ అవతలి భాగాన్ని ధాన్యపు కొట్టు చేశారు. అప్పట్నించి రావాలన్నా పోవాలన్నా మెట్లే.

అవి కుక్కచుక్క పొడిచే రోజులు, నడివేసవి. బయట రాయి ముట్టుకుంటే చెయ్యి కాలేది. మధ్యాహ్నానికి సగం ఊరు కింది వసారాలోనే ఉండేది. ఉన్ని వడికేవాళ్లు, పాచికలాడేవాళ్లు, ఊరికే నిద్రపోయేవాళ్లు. వీళ్లందరి మధ్యా నేవియుస్ గొంతు సాధన చేస్తున్నాడు.

"విన్నారా అత్తయ్యా? నా గొంతు ఆ చివర గోడకి తగిలి తిరిగొచ్చి నాకే దండం పెట్టింది."

"విన్నానల్లుడుగారూ. నా శనగల మీద దుమ్ము కూడా లేచి దండం పెట్టింది. కాస్త అవతలికెళ్లి అరుచుకోండి."

అప్పుడే నూమిసియుస్ అటుగా వచ్చాడు. ఆ ఏడు ఊరి పెద్ద అధికారి ఆయనే. లావు తగ్గాలంటే రోజూ నడవాలని వైద్యుడు చెప్పాడట. ఎండలో నడవలేక మా మధ్యనే పచార్లు చేసేవాడు.

"ఏమయ్యా నేవియుస్, నన్ను నడవనివ్వవా? చెవులు గింగుర్లెత్తుతున్నాయి."

"ఎన్నికలప్పుడు ఇదే గొంతు తేనెలా ఉందన్నారు కదండీ, పెద్దయ్యగారూ."

"అప్పుడు నా పేరు పిలిచావు కాబట్టి తియ్యగా ఉంది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ నవ్వు అణగకముందే శబ్దం మొదలైంది.

పైన బరువు బళ్లు వరసగా తోలుతున్నారనుకున్నాను. తర్వాత నా ముందున్న కుండలో పుల్లనీళ్లు వాటంతటవే ఒలికాయి. నేల పక్కకి జరిగింది. మళ్లీ వెనక్కి జరిగింది. స్తంభాన్ని రెండు చేతులా కావలించుకున్నాను. అది కూడా వణికింది. మెట్ల వైపు నుంచి పెద్ద మోత వచ్చి, ఆ వెంటనే దుమ్ము గోడలా మా మీదికి వచ్చి పడింది.

నేల ఆగాక చూస్తే మెట్లు లేవు. పైన ఫోరం స్తంభాలు విరిగి మెట్ల మీద కూలి, కప్పులో ఆ చివరి భాగాన్ని కిందికి తెచ్చేశాయి. గవాక్షాలు కూడా చాలావరకూ మూసుకుపోయాయి. గోడ వైపున్న రెండు మూడింటిలోంచి మాత్రం మసక వెలుతురు వస్తోంది.

అందరం మెట్ల వైపే పరుగెత్తాం. నేనూ పరుగెత్తాను, అబద్ధమెందుకు. ఒకళ్లనొకళ్లం తోసుకుంటూ, తొక్కుకుంటూ చేతికందిన రాయల్లా పీకాం. ఒకటి పీకితే పైనుంచి నాలుగు జారుతున్నాయి. ఆ రాళ్ల కింద ఎవరో ఉన్నారు. చెయ్యి కనిపిస్తోంది, కదలడం లేదు. అది చూసినవాళ్లు వెనక్కి రావాలని చూస్తుంటే చూడనివాళ్లు ముందుకి తోస్తున్నారు. ఇంకొంచెం సేపు అలాగే ఉంటే రాళ్లు చంపినవాళ్లకంటే మేం చంపుకున్నవాళ్లే ఎక్కువయ్యేవారు.

"తుర్సేనా పౌరులారా, నిశ్శబ్దం."

నాటకం మొదలయ్యే ముందు నేవియుస్ అనే మాట అది. అదే సాగదీత, అదే నిమ్మళం. ఏళ్ల తరబడి ఆ మాటకి నోరు మూసుకున్న జనం అలవాటు కొద్దీ నోరు మూసుకున్నారు. చేతులు కూడా ఆగాయి.

"రాయి పట్టుకున్నవాళ్లు నెమ్మదిగా కింద పెట్టండి. ఇటు ఇంకెవరూ రావద్దు. దెబ్బ తగిలినవాళ్లని మధ్య స్తంభాల దగ్గరికి తీసుకురండి. మిగతావాళ్లు కూర్చోండి. నేనున్నాను. నేను చెబుతాను, మీరు చెయ్యండి. రోజూ చేసే పనే కదా ఇది."

ఆ గొంతులో ఎక్కడా వణుకు లేదు. అందరూ కూర్చున్నారు. రాళ్ల మీదికి వంగి ఆ చెయ్యి పట్టుకుని చూసింది మాత్రం అతనే. చూసి, తన పైబట్ట తీసి దాని మీద కప్పి వచ్చాడు.

తర్వాత వెలుతురు వస్తున్న గవాక్షం కింద నిలబడి పైకి కేకేశాడు. "కింద మనుషులున్నారు. బతికే ఉన్నారు." ఆ కేక కొండ దిగువ దాకా వినబడి ఉంటుంది. పైన పాదాలు పరుగెడుతున్నాయి. ఎవరూ ఆగడం లేదు. మళ్లీ అరిచాడు. మళ్లీ పాదాలే.

"వినబడ్డం లేదా వాళ్లకి?" అని నేనడిగాను.

"నా గొంతు వినబడకపోవడమేమిటి అత్తయ్యా? వినబడింది. కానీ ఎవరి ఇల్లు వాళ్లకి కూలింది. ఎవరివాళ్లని వాళ్లు వెతుక్కుంటున్నారు. ఉత్తినే మనుషులంటే ఎవరాగుతారు? పేరు పెట్టి పిలవాలి."

నూమిసియుస్ చీకట్లోంచి లేచాడు. తలమీద రక్తం, ఒంటి నిండా సున్నం. "అయితే ముందు నా పేరు పిలువు. ఊరి అధికారి ఇరుక్కున్నాడంటే ఊరంతా పరుగెత్తుకొస్తుంది."

నేవియుస్ కాదనలేదు. తండ్రి పేరు, తాత పేరు, చేసిన పదవులు, కట్టించిన గుళ్లతో సహా పాడాడు. ఆగి చెవొగ్గాడు. ఎవరూ రాలేదు.

"ఇంకా పదవులేమైనా మిగిలిపోయాయేమో చూడు నేవియుస్," అన్నారెవరో వెనకనుంచి.

ఆ చీకట్లో మేం నవ్వడం అదే మొదలు. నూమిసియుస్ తలమీది రక్తం తుడుచుకున్నాడు. తర్వాత నెమ్మదిగా, "మావాళ్లు మా అమ్మని మోసుకుని పొలాల్లోకి వెళ్లుంటారు. అలాగే చెయ్యమని నేనే చెప్పి పెట్టాను. మిగిలినవాళ్ల పేర్లు పిలువు," అని కూర్చున్నాడు.

నేవియుస్ ఒక్కొక్కరినీ అడిగి, తప్పిపోయిన పశువుల సంగతి చాటే బాణీలోనే మొదలుపెట్టాడు.

"తప్పిపోయి దొరికినవారు. కొలిమి వీధి తాపీమేస్త్రి కార్బో భార్య మెతెల్లా, కింది వసారాలో క్షేమం. కావలసినవారు వచ్చి తీసుకెళ్లగలరు. తప్పిపోయి దొరికినవారు. స్నానశాల సందులో ఉన్ని వడికే అక్కచెల్లెళ్లు, ఇద్దరూ క్షేమం. కావలసినవారు వచ్చి తీసుకెళ్లగలరు."

అలా పిలుస్తూ పోయాడు. ఒక జత పాదాలు గవాక్షం దాటి వెళ్లి, ఆగి, వెనక్కి వచ్చాయి. తర్వాత ఎవరో బోర్లా పడుకుని మొహం అడ్డం పెట్టడంతో ఉన్న వెలుతురు కాస్తా పోయింది.

"ఎవరయ్యా నా పెళ్లాం పేరు పిలిచింది?"

"నేవియుస్‌ని. మెతెల్లా ఇక్కడే ఉంది."

"నువ్వు చెబితే నాకెందుకు? దాన్ని మాట్లాడమను."

మెతెల్లా లేచి గోడ దగ్గరికి వచ్చింది. "పొయ్యి మీద కూర పెట్టి వచ్చాను. దించావా?"

"పొయ్యీ లేదు, ఇల్లూ లేదు."

ఆమె గోడ పట్టుకుని కాసేపు నిలబడింది. "నీకేం తగల్లేదు కదా?"

"లేదు. నీకు?"

"బాగానే ఉన్నాను. ఏడవకు. మొహం అడ్డం పెట్టుకుని ఏడిస్తే మాకు గాలి రాదు."

కార్బో పక్కకి జరిగి ఏడ్చాడు. మాకు వెలుతురు వచ్చింది. అతని వెనక ఇంకెవరో, వాళ్ల వెనక మరెవరో వచ్చారు. పిలిచిన పేర్లు ఒకరి నోట ఒకరికి ఫోరమంతా పాకాయి. పైనుంచి కూడా పేర్లు రావడం మొదలైంది. మా నాన్న ఉన్నాడా, మా చెల్లెలుందా అని అడిగేవాళ్లు. ఉన్నవాళ్లు ఉన్నామని తామే పలికేవారు.

ఒకామె అడిగింది. "మంగలి పుదెన్స్ ఉన్నాడా? మధ్యాహ్నం చల్లగా ఉంటుందని కిందికొచ్చాడు."

నేవియుస్ మా వైపు తిరిగి పుదెన్స్ పేరు పిలిచాడు. ఎవరూ పలకలేదు. మళ్లీ పిలిచాడు. మెట్ల వైపు ఆ పైబట్ట కప్పిన చెయ్యి ఎవరిదో నాకు అప్పుడు తెలిసింది. అతనికి ముందే తెలుసు. అయినా పిలిచాడు, వేరే ఎవరైనా ఆ పేరుకి పలుకుతారేమో అన్నట్టు.

"ఉన్నాడమ్మా," అన్నాడు చివరికి. "కానీ ప్రాణం లేదు. మెట్ల దగ్గర ఉన్నాడు. నా బట్ట కప్పాను. బయటికి వచ్చేటప్పుడు నేనే తీసుకొస్తాను."

పైన ఆమె పాదాలు అక్కడే ఉన్నాయి. చాలాసేపు కదల్లేదు.

కార్బో మళ్లీ గవాక్షానికి మొహం పెట్టాడు. మెట్ల వైపు ఆశ వదులుకోండి, ఫోరం స్తంభాలన్నీ దాని మీదే పడున్నాయి, ముట్టుకుంటే మిగతా కప్పు కూడా వస్తుందన్నాడు. "ధాన్యపు కొట్టు వైపు బాగానే ఉంది. దిగువ వీధి తలుపు నిలబడే ఉంది. మేం అటునుంచి ధాన్యం తోడతాం, మీరు ఇటునుంచి గోడ పగలగొట్టండి. కానీ తలుపు ఇనప రేకులది, తాళం వేసుంది. తాళంచెవి ఎక్కడుందో."

అందరి తలలూ నూమిసియుస్ వైపు తిరిగాయి. తాళంచెవి ఆయన నడుముకే ఉంది. అది వేలాడేసుకుని తిరగడమంటే ఆయనకి సరదా.

ఆయన దాని మీద చెయ్యి వేసుకున్నాడు. "ఆ తలుపుకి ముద్ర ఊరి సభ వేసింది. సభ చెప్పందే తీయనని నేను దేవుడి ముందు ప్రమాణం చేశాను. అది చలికాలం తిండి. రేపు వీధిలో పోసిన ధాన్యం దారినపోయేవాళ్లు ఎత్తుకుపోతే, పిల్లలకి రొట్టె లేని రోజున మీరే నన్ను రాళ్లతో కొడతారు. నాకు ముందున్నాయన్ని కొట్టారు కదా."

మెతెల్లా ఆయన మీదికి వెళ్లబోయింది. ఇంకో ఇద్దరు మగవాళ్లు లేచారు. నేవియుస్ వాళ్లకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆయన భయపడేది ఊరి తిండి గురించి. అది తప్పు కాదు," అన్నాడు. "సభ కావాలి, అంతేగా పెద్దయ్యగారూ? జనం ఇక్కడున్నారు. అధికారి మీరున్నారు. సభ పిలిచేవాణ్ణి నేనున్నాను. ఇంకేం తక్కువ?"

"ఇక్కడా?"

"పైన ఫోరం ఉంది, దాని కిందే ఉన్నాం. స్థలం కూడా సరిపోయింది."

అని నేవియుస్ నిటారుగా నిలబడి, ఏటేటా చేసే పద్ధతిలోనే ఊరి సభని పిలిచాడు. పౌరులందరూ రావాలని, మాట వినాలని, మనసులో ఉన్నది చెప్పాలని. వచ్చేవాళ్లెవరూ లేరు, అందరం అతని కాళ్ల దగ్గరే కూర్చుని ఉన్నాం. అయినా అందరం కొంచెం సర్దుకుని కూర్చున్నాం.

"ధాన్యపు కొట్టు తలుపు తెరవాలని, గోడ తీయాలని, పడిన ధాన్యం గింజ పోకుండా అందరం కాపలా కాయాలని ఒక మాట సభ ముందుంది. ఔనన్నవాళ్లు చెయ్యెత్తండి. ఎత్తినా కనబడదు కాబట్టి నోటితో చెప్పండి."

ఔనన్న కేకకి పైన కార్బో ఉలిక్కిపడితే తల రాయికి కొట్టుకుంది.

"ఆడవాళ్లకి ఓటు లేదు కదా," అన్నాడొక ముసలాయన.

"రాళ్లు పడ్డప్పుడు అడిగి పడ్డాయా తాతా?" అంది మెతెల్లా.

నూమిసియుస్ నడుముకున్న తాళంచెవి విప్పాడు. "ఊరి సభ చెప్పింది. అధికారిగా నేను ఒప్పుకుంటున్నాను." కార్బో గోడ నిలువు చూసుకునే తన గుండుతాడు కిందికి వదిలాడు. నేవియుస్ ఒకరి భుజాల మీదికెక్కి తాళంచెవి దానికి కట్టాడు. అది గవాక్షపు ఏటవాలు రాయికి టంగుటంగుమని తగులుతూ పైకి పోతుంటే, దానికేసే చూస్తూ కూర్చున్నాం.

అందరి పేర్లూ అయిపోయాయి. ఒక్క పేరు మిగిలింది. నేను లేచి అతని దగ్గరికి వెళ్లాను.

"అల్లుడుగారూ, ఊరందరినీ పిలిచారు. నా కూతురి పేరు మీకు గుర్తు రాలేదా?"

అతను నా వైపు చూడలేదు. ఉదయం మేం వచ్చేటప్పుడు హెరేన్నియా మేడమీద బట్టలు ఆరేస్తోంది. ఆ మేడ ఎంత పాతదో ఇద్దరికీ తెలుసు.

"మొట్టమొదట గుర్తొచ్చింది అదే అత్తయ్యా," అన్నాడు. ఎవరికీ వినబడకుండా మాట్లాడడం అతనికి వచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. "పిలిస్తే పలకాలి కదా. పలక్కపోతే నా గొంతు అక్కడితో ఆగిపోతుంది. ఇంతమందికీ ఈ గొంతు కావాలి. అందుకని చివర్న పెట్టుకున్నాను."

అతని భుజం మీద చెయ్యి వేశాను. పెళ్లయ్యాక అదే మొదటిసారి.

"ఇప్పుడు పిలవండి," అన్నాను.

అతను గవాక్షం కిందికి వెళ్లాడు. చాటింపు బాణీ లేదు. ఇంట్లో అరుగు మీదనుంచి పిలిచినట్టు పిలిచాడు. "హెరేన్నియా." ఆగాడు. "హెరేన్నియా."

పైన ఎవరో అటూ ఇటూ అడిగారు. తర్వాత ఒక గొంతు, "ఇక్కడ లేదు నేవియుస్. మేం చూడలేదు," అంది.

అతను గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. తను అన్నట్టే అయింది. నోరు కదులుతోంది, శబ్దం లేదు.

నేనూ అతని పక్కన కూర్చోబోయాను. కానీ అటు చూస్తే మగవాళ్లు పొడవాటి చెక్కబల్ల ఒకటి ఎత్తి గోడని కొడుతున్నారు. ఒక్కొక్కరు ఒక్కోసారి లాగుతున్నారు. బల్ల ఊగిపోతోంది తప్ప దెబ్బ పడడం లేదు. ఒకడు చెయ్యి నలిగి అరుస్తున్నాడు. మళ్లీ గోల మొదలవుతోంది. చెప్పేవాడు లేకపోతే ఈ జనం మళ్లీ మెట్ల వైపు పోతారని నాకు అర్థమైంది.

నాకు వచ్చిన కేక ఒక్కటే. కొంగు నడుముకి దోపి, బల్ల పక్కన నిలబడి అదే కేక వేశాను.

"ఉడుకు శనగలూ... ఉప్పు శనగలూ..."

జనం నావైపు వింతగా చూశారు.

"చూస్తారేం? ఉడుకు అన్నప్పుడు వెనక్కి లాగండి. ఉప్పు అన్నప్పుడు కొట్టండి. రోజూ తింటారు కదా, ఆ మాత్రం తెలియదా?"

ఉడుకు శనగలు, వెనక్కి. ఉప్పు శనగలు, దెబ్బ. బల్ల ఒక్కటిగా కదలడం మొదలైంది. ఇటుకల మధ్యనుంచి సున్నం రాలింది. గొంతు బొంగురుపోయినా ఆపలేదు. కళ్లలో నీళ్లు కారుతున్నా ఆపలేదు. నూమిసియుస్ కూడా వచ్చి బల్లకి చెయ్యి వేశాడు. "ఉప్పు శనగలూ," అని ఆయన కూడా అన్నాడు, ఒట్టు.

పై వరస ఇటుక ఒకటి అవతలికి పడింది. చిన్న కన్నంలోంచి పసుపుపచ్చటి వెలుతురు వచ్చింది. దాని వెనకే ఒక గొంతు.

"అమ్మా, ఇప్పుడు శనగలెవరు కొంటారే? గోడకి దూరంగా జరగండి. ధాన్యం ఇంకా ఉంది, మీద పడుతుంది."

అది హెరేన్నియా గొంతు. వెనక్కి తిరిగి చూస్తే నేవియుస్ లేచి ఉన్నాడు. ఎలా లేచాడో తెలియదు, పరుగెత్తుకొచ్చి ఆ కన్నానికి మొహం పెట్టాడు. నోరు తెరిచాడు. ఊరందరినీ పిలిచినవాడికి ఒక్క మాట రాలేదు. కన్నంలోంచి మట్టి కొట్టుకుపోయిన చెయ్యి వచ్చి అతని మొహం తడిమింది.

"మేడ కూలిందేమో అనుకున్నాం. నువ్వెలా..." అన్నాన్నేను.

"మేడ కూలినప్పుడు నీళ్లకి వెళ్లి ఉన్నానమ్మా. వెళ్లడం మంచిదైంది. వెనక్కి వస్తుంటే ఈయన గొంతు వినబడింది. మెట్లు పోయాయని చూశాను, ఇటే దారి అనుకుని దిగువ వీధికొచ్చి పారలు, బుట్టలు పోగేస్తున్నాను. ఆ గొంతు వినబడుతున్నంతసేపూ నాకు భయం లేదు. మధ్యలో ఆగిపోయింది. అప్పుడు చచ్చాననుకున్నాను. తర్వాత నీ శనగలు వినబడ్డాయి."

తర్వాత పని తొందరగా జరిగింది. అటునుంచి వాళ్లు తోడారు, ఇటునుంచి మేం ఇటుకలు తీశాం. మిగిలిన గోధుమలు మా మోకాళ్ల దాకా వచ్చాయి. వాటి మీద పాకుతూ ఒక్కొక్కరం బయటికి వెళ్లాం, ముందు దెబ్బలు తగిలినవాళ్లు. నూమిసియుస్ సగంలో కూరుకుపోతే నేనూ మెతెల్లా చెరో చెయ్యీ పట్టి లాగాం. ఆయన ఒంటికి చుట్టుకున్న టోగా మడతల్లోంచి రాలిన గింజలతో ఒక పూట వంట అవుతుందని మెతెల్లా అంది. ఆయన నిజంగానే అక్కడే దులిపి, గింజలు బుట్టలో పోయించాడు.

అందరూ వెళ్లాక నేవియుస్ లోపలికి తిరిగి వెళ్లాడు. కార్బో వెంట వెళ్లాడు. పుదెన్స్‌ని మోసుకొచ్చి అతని భార్య ముందు పడుకోబెట్టారు. పైన ఫోరంలో ఇంకా కొందరు పోయారు. మా వీధిలో సగం ఇళ్లు లేవు. ఆ సాయంత్రం ఊరంతా పొలాల్లో పొయ్యిలు పెట్టింది. నూమిసియుస్ ఆ గోధుమలతోనే జావ కాయించి, తనే గరిటె పట్టుకుని వడ్డించాడు. సభ చెప్పింది కాబట్టి ఇస్తున్నానని ప్రతి ఒక్కరికీ చెప్పాడు.

నేవియుస్ గొంతు చాలా రోజులు పెగల్లేదు. శవయాత్రలకి ఊరిని పిలవాల్సిన రోజులవి. అతను చెవిలో చెబితే హెరేన్నియా వీధుల్లో నిలబడి పిలిచింది. ఆడది చాటింపు వేయడమేమిటని మొదట్లో ఒకరిద్దరు గొణిగారు. వాళ్ల ఇళ్ల చావులకి కూడా ఆమే పిలిచింది, తర్వాత ఎవరూ గొణగలేదు.

వానలు మొదలయ్యే ముందు, రాళ్లు తీసేసిన ఫోరంలో సభ జరిగింది. ఊరి పెద్దల మండలిలో నేవియుస్‌కి చోటు ఇవ్వాలని నూమిసియుస్ స్వయంగా అడిగాడు. చట్టం ప్రకారం చాటింపు వృత్తి చేసేవాడు మండలిలో కూర్చోకూడదు. కాబట్టి ఆ పని మానేస్తే చాలన్నాడు. మా చుట్టాలందరూ నా వైపు చూశారు. అల్లుడు పెద్దమనిషవుతున్నాడు, ఇంక నీకేం కావాలన్నట్టు.

నేవియుస్ లేచాడు. గొంతు గుసగుసకంటే పైకి రావడం లేదు. హెరేన్నియా పక్కన నిలబడి అతని మాట పైకి చెప్పింది.

"ఆయన అనేదేమిటంటే, మీ గౌరవానికి దండం. ఆ చోటు కార్బోకి ఇవ్వండి, ఊరు మళ్లీ కట్టాలి కాబట్టి. ఈయన చాటింపు మానడు. ఇంతకంటే మంచి పని ఈ ఊళ్లో ఉందంటే ఈయన నమ్మడు. ఒక్కటి మాత్రం అడుగుతున్నాడు. కింది వసారాకి మళ్లీ గోడ కట్టొద్దు. రెండు చివర్లా దారి ఉంచండి. ధాన్యం పెట్టుకోవడానికి వేరే చోటు చూసుకోండి."

"ఔనన్నవాళ్లు," అన్నాడు నూమిసియుస్.

చేతులన్నీ లేచాయి. వెనక వరసలో నిలబడ్డ మేం ఆడవాళ్లం కూడా ఎత్తాం, ముసలాయన ఈసారి ఏమీ అనలేదు. నేవియుస్ వచ్చి నా పక్కన నిలబడి నా చెవి దగ్గర ఏదో అన్నాడు. గుసగుస కూడా సరిగ్గా లేదు, మళ్లీ చెప్పమన్నాను.

"నా గొంతు తిరిగొచ్చాక వినండి అత్తయ్యా. ఇంతకుముందుకంటే బాగుంటుందని వైద్యుడన్నాడు."

"వైద్యుడన్నాడా, మీరన్నారా?"

"నేనంటే వైద్యుడు ఒప్పుకున్నాడు," అన్నాడు మా అల్లుడు.